ముఖం ఒక్కటి మారిస్తే చాలు

"నీ పటం వేయిస్తున్నాను" అన్నాడు మా ఆయన లీవెన్, ఉప్పు హెర్రింగు చేపలో ముల్లు ఏరుకుంటూ. సెయింట్ మార్టిన్ పండుగ వెళ్లిన మర్నాడు పొద్దున. గెంట్ ఊళ్లో సబ్బు వండుకునే ఇంట్లో ఆడమనిషికి పటం వేయించడమంటే చిన్న సంగతి కాదు. నేను గరిటె చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పెళ్లై రెండేళ్లయింది. అప్పటికి ఆయన నాకోసమని కొన్న కొత్త వస్తువు ఒక్కటే, చీపురు.

ఆ సంతోషం మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు.

మా ముందుగదిలో రెండు పటాలుండేవి. ఒకటి లీవెన్‌ది. నల్ల టోపీ పెట్టుకుని, ఎవరో అప్పడిగినట్టు ముఖం పెట్టుకుని కుడివైపుకి చూస్తుంటాడు. ఆ కుడివైపున ఇంకో పటం, ఆయన మొదటి భార్య యోసీనాది. ఆవిడ ఇటు తిరిగి ఆయన్ని చూస్తుంటుంది. ఊళ్లో ఏ మొగుడూ పెళ్లాల పటాలైనా అంతే, ఒకరినొకరు చూసుకుంటూ ఉంటాయి. గోడకి ఇక ఒక పక్క కిటికీ, ఇంకో పక్క తలుపు. నా పటం ఎక్కడ పెడతాడో ఎంత ఆలోచించినా తెలియలేదు.

"ఏమండీ, మేకు ఎక్కడ కొట్టిస్తారు? అక్కడ చోటేదీ?" అని అడిగాను.

"చోటెందుకు? యోసీనా పటం ఉందిగా."

"ఉంటే?"

"అదే పటం. మంచి ఓక్ చెక్క, పురుగు పట్టేది కాదు. గౌను నల్లదే, నీదీ నల్లదే. కాలరు బాగుంది. చేతులు ఉండనే ఉన్నాయి. ముఖం ఒక్కటి మారిస్తే చాలు."

"మరి ఉంగరం?"

"ఉంగరం అదేగా" అన్నాడు, నేనేదో తెలివితక్కువగా అడిగినట్టు.

నిజమే. నా వేలికున్నది యోసీనా ఉంగరమే. పెళ్లిరోజు నా వేలికి ఎక్కకపోతే సబ్బు రాసి తోశాడు. ఆ తర్వాత మళ్లీ ఊడి రాలేదు.

ఇంతకీ ఈ హడావిడి దేనికంటే, ఆ ఏడు ఆయన్ని సబ్బు వండేవాళ్ల సంఘానికి పెద్దల్లో ఒకడిగా ఎన్నుకున్నారు. ఫిబ్రవరిలో కొవ్వొత్తుల పండుగనాడు మిగతా పెద్దలు మా ఇంటికి భోజనానికి రావాలి.

"వచ్చినవాళ్లు గోడ మీద ఒకామెను, బల్ల దగ్గర ఇంకొకామెను చూస్తే ఏమనుకుంటారు?" అన్నాడు.

"ఒకామె పోయిందనుకుంటారు."

"నీకన్నీ వేళాకోళాలే."

"మరి పిల్ల సంగతి?"

"పిల్లకి నువ్వున్నావు కదా. ఒక ఇంట్లో ఇద్దరమ్మలెందుకు?"

ఆ పిల్ల, నెల్లె, అక్కడే ముక్కాలిపీట మీద కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తోంది. తొమ్మిదేళ్లది. తల్లి పోయేనాటికి దానికి నాలుగు. నాలుగేళ్ల పిల్లకి ఏ ముఖం గుర్తుంటుంది? దానికి గుర్తున్నదల్లా ఆ చెక్క మీది ముఖమే. రోజూ పొద్దున లేవగానే ముందుగదిలోకి వెళ్లి ఆ పటానికి "లేచానమ్మా" అని చెప్పి వచ్చేది. నన్ను మాత్రం పక్కన ఎవరైనా ఉంటే "పిన్నీ" అనేది, ఎవరూ లేకపోతే "ఇదిగో" అనేది. నేనూ పట్టించుకోలేదు. నాకు పిలుపులతో పని లేదు, పనితో పని.

తండ్రి మాటలు విని అది తలెత్తలేదు. ఉల్లిపాయ మీద ఉల్లిపాయ ఒలుస్తూనే ఉంది. ఒలవమన్నదానికి రెట్టింపు ఒలిచింది. ఆ వారమంతా మేము ఉల్లిపాయలే తిన్నాం.

నవంబరు ఆఖరున రూలాంట్ వచ్చాడు. యోసీనా పటం వేసినవాడు ఆయనే. ముందుగదిలో కిటికీ దగ్గర చట్రం నిలబెట్టి, దాని మీద పటం పెట్టి, ఎదురుగా నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆయన గురించి మంచిగా చెప్పాలంటే, కుంచెలు శుభ్రంగా ఉంచుకునేవాడు. ఇక మిగిలిందంతా నా ప్రాణం తోడెయ్యడమే. వచ్చిన వెంటనే బీరు కావాలి. బీరుతో జున్ను కావాలి. జున్ను తిన్నాక చేతులు కాచుకోవడానికి నిప్పులు కావాలి. అప్పటికి మబ్బు పడుతుంది.

"ఈ వెలుతురులో ముఖం వెయ్యలేనమ్మా" అనేవాడు.

"మరి పొద్దున వెలుతురున్నప్పుడు వెయ్యొచ్చు కదా మాస్టారూ?"

"పొద్దున చేతులు బిగుసుకుపోయాయి."

కూర్చున్న ప్రతిసారీ నేను మడతల కాలరు తొడుక్కోవాలి. గంజి పెట్టి, మడత మడతకీ వేడి ఇనుప కడ్డీ పెట్టి వంపు తీసి, మెడ చుట్టూ బండి చక్రంలా నిలబెట్టాలి. వెనకింట్లో సబ్బు కాగుతుంటుంది. ఆ ఆవిరికి గంజి నిలుస్తుందా? నేను వెనక నుంచి ముందుకి వచ్చేలోపు కాలరు తడిసిన అప్పడంలా భుజాల మీదికి వాలిపోయేది. మళ్లీ గంజి, మళ్లీ కడ్డీ. తీరా ఆయన నా కాలరు వెయ్యడే. కాలరు పటంలో ఉండనే ఉందిగా. మరి నేనెందుకు తొడుక్కోవాలయ్యా అంటే, "గడ్డం కింద నీడ ఎలా పడుతుందో చూడాలి" అంటాడు.

దీనికి తోడు మా వదిన బార్బెల్, లీవెన్ అక్క. పని ఉన్న రోజు పిలిచినా రాదు కానీ ఆ రోజుల్లో పిలవకుండానే వచ్చేది. కుట్టుబుట్ట తెచ్చుకుని నా పక్కనే కూర్చుని, ఒకసారి పటాన్ని, ఒకసారి నన్ను చూసేది.

"ఏమ్మా పీరీనా, ఏమనుకోకు. యోసీనా ముఖం కోలగా ఉండేది కదా. నీది గుండ్రం. ఆ కాలరులో నీ ముఖం పెడితే పళ్లెంలో క్యాబేజీ పెట్టినట్టుండదూ?"

"మీ తమ్ముడికి క్యాబేజీ ఇష్టమే వదినా."

"కాదులే, మాస్టారునే అడుగు. పడుతుందా ఆ మెడ మీద?"

రూలాంట్ గడ్డం గోక్కుని, ఓ కన్ను మూసి నన్ను కొలిచాడు. "కొంచెం కాలరు కొయ్యాలి" అన్నాడు.

కాలరు కొయ్యాలట. ఈ ఇంట్లో నాకు చోటు కావాలంటే ప్రతిదీ కొయ్యాలి. ఉంగరంలోకి సబ్బు రాసుకుని దూరాను. ఇప్పుడు కాలరులోకి ముఖం చెక్కుకుని దూరాలి. పైగా పటం మూలన బంగారు అక్షరాలతో ఆవిడ వయసు రాసి ఉంది, ఇరవై ఆరేళ్లని. నాకు ముప్పై రెండు. అదైనా మారుస్తారా అంటే లీవెన్ వినలేదు. "బంగారంతో రాసింది చెరపడం ఎందుకు? ఆరేళ్లు తగ్గితే నీకేం నష్టం?" అన్నాడు.

డిసెంబరంతా ఇలాగే గడిచింది. క్రిస్మస్ అయ్యాక లీవెన్ గట్టిగా అడిగితే, రూలాంట్ ఇక తప్పదన్నట్టు పనేమిటో చెప్పాడు. పాత ముఖం మీద కొత్త రంగు ఊరికే పుయ్యకూడదట, నాలుగేళ్లకి పాతది పైకి తేలుతుందట. ముందు నురగరాయితో ఆ ముఖాన్ని చెక్క దాకా గీకాలి. దాని మీద తెల్లరంగు పట్టించి, అది ఆరాక నా ముఖం మొదలుపెట్టాలి.

"రేపు గీకేస్తాను" అన్నాడు.

"రేపంటే రేపే" అన్నాడు లీవెన్.

ఆ సాయంత్రం నేను వెనకింట్లో బూడిద తొట్టి దగ్గర ఉన్నాను. కట్టెల బూడిద మీద నీళ్లు పోసి వడగడితే దిగే తేటతోనే సబ్బు వండేది. ఆ తేట చర్మం మీద పడితే మంటే. నెల్లె వచ్చి నా వెనక నిలబడింది. చేతిలో గుండుసూదులు పెట్టుకునే చిన్న ఎముక డబ్బీ ఉంది. సూదులన్నీ తీసేసి, కడిగి తుడిచినట్టుంది.

"ఇదిగో, రేపు గీకేటప్పుడు పొడి రాలుతుందా?" అంది.

"రాలుతుంది."

"దాన్ని ఎక్కడ పోస్తారు?"

"ఎక్కడ పోస్తే ఏమే? చెత్త ఎక్కడ పోస్తాం? ఇదిగో ఈ బూడిదలో పోస్తాం."

అది కాసేపు తొట్టికేసి చూసింది.

"బూడిదలో పోస్తే సబ్బులోకి వెళ్లిపోతుంది కదా" అంది. "ఊళ్లో అందరూ చేతులు కడుక్కుంటారు. బూడిదలో వద్దు, నాకిమ్మని ఆయనకి చెప్తావా? ఇందులో పడుతుంది. కొంచెమే కదా ఉంటుంది, ముఖం ఒక్కటేగా."

"ముందు అవతలికి జరుగు, మీద చిందుతుంది" అని కసురుకుని తొట్టి మూత లాగాను. చూసుకోకుండా లాగానేమో, తేట చింది నా కుడి మణికట్టు మీద పడింది. చన్నీళ్లలో పెట్టుకున్నా ఆ రాత్రికి బొబ్బెక్కింది.

మర్నాడు రూలాంట్ వచ్చేసరికి బల్ల మీద బీరు, జున్ను, పొగబెట్టిన ఈల్ చేప ముక్క కూడా పెట్టాను. లీవెన్ నూనె బేరానికి రేవుకి వెళ్లాడు. రూలాంట్ తిన్నాడు, చేతులు కాచుకున్నాడు, నురగరాయి తీశాడు. తీసి, దాన్ని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. ఆ రోజు వెలుతురు శుభ్రంగా ఉంది. సాకు దొరకలేదు పాపం.

"చేతులు వెయ్యండి మాస్టారూ" అన్నాను.

"ఏమిటీ?"

"ముఖం వద్దు, చేతులు మార్చండి. ఆవిడ చేతులు తీసేసి నావి వెయ్యండి."

"మీ ఆయనతో మాట ముఖానికమ్మా. చేతులంటే ముఖం కన్నా ఎక్కువ పని. పదివేళ్లు, ఒక్కటి తేడా వచ్చినా పార్సనిప్ దుంపల్లా ఉంటాయి."

"ఇప్పుడున్నవి ఎలా ఉన్నాయేంటి?"

ఆయన పటానికేసి చూసి నవ్వాపుకున్నాడు. "అవి నేను వేసినవి కావు. అప్పట్లో నా దగ్గర పనిచేసినవాడు వేశాడు. ముఖం మాత్రం నాది." ఆగి, గొంతు తగ్గించి అన్నాడు, "ఇన్నేళ్లలో అంతకన్నా మంచి ముఖం నేను వెయ్యలేదమ్మా."

"అది నవంబరులోనే చెప్పి ఏడవొచ్చు కదయ్యా" అన్నాను. నెలన్నర గంజి, నెలన్నర జున్ను. ఈ మనిషి ఇష్టం లేకే సాగదీశాడు. నేను ఇష్టం లేకే కూర్చున్నాను. పిల్ల ఉల్లిపాయలు ఒలుచుకుంటూ పోయింది. ముగ్గురిలో ఒక్కరూ నోరు తెరిచి చెప్పలేదు.

"మీ ఆయన అడిగితే?" అన్నాడు.

"ఆయన సంగతి నేను చూసుకుంటాను. తడి ఆరేదాకా ఎవరూ పటం మీద గుడ్డ తియ్యకూడదని మీరు చెప్పండి చాలు."

ఆయన నురగరాయితో యోసీనా చేతులు గీకేశాడు. రెండేళ్లుగా చూస్తున్న తెల్లటి వేళ్లు అలా పొడైపోతుంటే నాకూ ఏదోలా అనిపించింది. ఆ పొడి కాగితంలోకి ఊడ్చి పక్కన పెట్టాను.

తర్వాత రోజుల్లో నేను చేతులు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని కూర్చున్నాను. కాలరు అక్కర్లేదన్నాడు. ఆ ఒక్క మాటకే ఆయన మీద సగం కోపం పోయింది. నా చేతులంటే ఏం చేతులు, క్షారంలో నానీ నానీ ఎర్రబడి, బొటనవేలి దగ్గర పగిలి ఉండేవి. మణికట్టు మీద ఆ కొత్త మచ్చ. "కొంచెం తెలుపు కలపనా?" అన్నాడు. "కలిపితే ఇక జున్ను లేదు" అన్నాను.

ఒక పొద్దున నెల్లె డబ్బీ పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. గీకే పని తనకి తెలియకుండా అయిపోయిందేమోనని భయం. రూలాంట్ పక్కకి జరిగాడు. అది ముఖం చూసింది, చేతులు చూసింది. నా చేతులకేసి చూసింది. కాగితంలో కట్టిన పొడి దాని చేతిలో పెట్టాను.

"ఇవి చేతులవి" అన్నాను.

అది కాగితం తీసుకుని డబ్బీలో పెట్టి మూత నొక్కింది. ఎలా వచ్చిందో అలాగే వెళ్లి కోళ్లకి గింజలు వేసింది.

కొవ్వొత్తుల పండుగ రానే వచ్చింది. ఊరంతా అట్లు వేసుకునే రోజు. నేను పొద్దుటి నుంచీ పెనం దించలేదు. సంఘం పెద్దలు నలుగురు వచ్చారు. అందరిలో పెద్దాయన గేరార్ట్, నూనెలో ఎవరి వాటా ఎంతో ఆయన నోట వస్తే తిరుగుండదు. బార్బెల్ వదిన కొత్త టోపీతో ముందు వరసలో కూర్చుంది. తిన్నారు, తాగారు. లీవెన్ గొంతు సవరించుకుని లేచాడు.

"మా ఆవిడ పటం" అని గుడ్డ లాగాడు.

యోసీనా ఎప్పటిలాగే ఆయనకేసి చూసింది.

లీవెన్ నోరు తెరుచుకుంది. వదిన చేతిలో అట్టు జారి ఒళ్లో పడింది. నేను ఇంకో అట్టు తెచ్చి ఆవిడ పళ్లెంలో వేసి, "తినండి వదినా, చల్లారుతుంది" అన్నాను.

అంతలో గేరార్ట్ పెద్దాయన కొవ్వొత్తి పట్టుకుని పటం దగ్గరకి వెళ్లాడు. బాగా వంగి చూశాడు. వెనక్కి తిరిగి, "ఏదీ తల్లీ, నీ చెయ్యి ఇలా ఇవ్వు" అన్నాడు. ఇచ్చాను. నా చేతిని పటంలో చేతి పక్కన పెట్టాడు.

"చూడండయ్యా, అదే ఉంగరం. ఆఖరికి మచ్చ కూడా వదల్లేదు. అచ్చుగుద్దినట్టు ఉంది."

"అచ్చం ఆవిడే" అన్నాడు రెండోవాడు.

"ఇప్పుడు నోరు తెరిచి మాట్లాడుతుందా అన్నట్టుంది" అన్నాడు మూడోవాడు.

నాలుగోవాడు కళ్లు మరీ బాగా కుదిరాయన్నాడు. పటంలో కళ్లు బూడిదరంగు, నావి గోధుమరంగు. సాయంత్రమంతా వాళ్లకి నేనే వడ్డించాను, నేనే బీరు పోశాను, నలుగురిలో ఒక్కడైనా నా ముఖం చూసి ఉంటే ఒట్టు. ఆ క్షణాన నాకొచ్చిన చిరాకు ఇప్పటికీ తీరలేదు. వాళ్లు కనిపెట్టకూడదని రెండు వారాలుగా దేవుణ్ణి వేడుకున్నదాన్ని నేనే, తీరా కనిపెట్టకపోయేసరికి పెనం తీసుకుని నాలుగు తలల మీదా వెయ్యాలనిపించింది.

నెల్లె తలుపు పక్కన బీరు కూజా పట్టుకుని నిలబడి ఉంది. కూజా ఒరిగి బీరు నేల మీద కారుతోంది. అది చూసుకోవడం లేదు, తండ్రి ముఖమే చూస్తోంది. ఆయన ఒక్కమాట అంటే చాలు, రేపే రూలాంట్ మళ్లీ నురగరాయితో వస్తాడు.

లీవెన్ పటాన్ని చూశాడు, పిల్లని చూశాడు. నన్ను చూశాడు.

"బాగా వచ్చింది" అని కూర్చున్నాడు.

అందరూ వెళ్లాక, నేను బల్ల తుడుస్తుంటే ఆయన పటం ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"వాళ్లు గుర్తుపట్టలేదు" అన్నాడు.

"లేదు."

"నేను పట్టాను."

"మీరు పట్టకపోతే ఎలాగండీ."

ఆయన భుజాలు కొంచెం కిందికి వాలాయి. ఏదో మంచి మాట అంటాడనుకుని నేను గుడ్డ పిండడం ఆపాను.

"చేతులకి వేరే డబ్బు అడుగుతాడా ఆ రూలాంట్?" అన్నాడు.

"అడగడు, ఈల్ చేపలు తిన్నాడు" అని చెప్పి గుడ్డ పిండుకున్నాను. ఎండలు వచ్చాక ముఖం కూడా మార్పిద్దామన్నాడు. ఎండలు వచ్చాయి. ఆ మాట ఆయన మళ్లీ ఎత్తలేదు, నేనూ గుర్తుచెయ్యలేదు.

ఆ ఎండలు రాకముందు సంగతి ఇది, ఈస్టర్ కూడా ఇంకా రాలేదు. ఒకరోజు వీధి చివర కొత్తగా దిగిన నేతగాడి భార్య సబ్బు కోసం వచ్చింది. నేను వెనకింట్లో కళాయి కలుపుతున్నాను, వదిలితే అడుగంటుతుంది. ముందుగది తలుపు తీసింది నెల్లె. వాళ్ల మాటలు నాకు వినిపిస్తూనే ఉన్నాయి.

"ఎవరిదే ఆ పటం?"

"మా అమ్మది."

"ఏ అమ్మ? పోయినావిడా, ఇప్పుడున్నావిడా?"

నెల్లెకి విసుగొచ్చింది. ఆ విసుగు అచ్చం నాదే, ఎక్కడ నేర్చిందో.

"చూస్తే తెలియట్లేదా? ముఖం మా అమ్మది. చేతులు మా అమ్మవి."

కళాయిలో గరిటె ఆగింది. అడుగంటిన వాసన వచ్చేదాకా ఆగే ఉంది.

"తలుపు వెయ్యవే, చలి వస్తోంది" అని కేకేశాను.

"వేస్తున్నానమ్మా" అంది.